అతను చూస్తుండగా తాగిన నీళ్లు

ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటుగా చేసిన నాలాంటివాడికి రైల్లో ఎదురు సీటు నిండితే నోరు ఊరుకోదు. విశాఖ వెళ్లే ప్యాసింజరులో, పూండిలో ఎక్కిన భార్యాభర్తలకు నా ప్రజాసేవ మొత్తం వినిపించాను. ఉద్దానంలో నలభై ఊళ్లకు బోర్లు వేయించానన్నాను. ప్రతి బోరు దగ్గరా నా చేత్తోనే గంగమ్మకు కాయ కొట్టానన్నాను. ఆ ధ్యాసలో పెళ్లాం పిల్లల్ని కూడా పట్టించుకోలేదన్నాను.

చెప్పి చెప్పి గొంతు ఆరిపోయి నీళ్ల సీసా మూత తీశాను. అతని చూపు సీసా మీదే ఆగిపోయింది.

"మాది అక్కుపల్లి బాబూ. ఈయన సంద్రం మీద ఏటకెల్లీవోడు," అంది అతని భార్య. "కిడ్నీలు పోనాయి. డయాలసిస్‌కి తీసికెల్తన్నాను. నీల్లు కొలిసి తాగాల."

మా ఉద్దానంలో అందరికీ తెలిసిన జబ్బే. సీసా సంచిలో పెట్టేయబోయాను.

"దాసకండి బాబూ," అన్నాడతను. "తాగండి. కడుపునిండా మీరు తాగతంటే సూడాలనుంది."

ఆమె కిటికీవైపు తిరిగింది. నేను తాగాను. నా గుటకతో పాటు అతని గొంతూ కదిలింది.

నౌపడాలో దిగబోతూ నిజం చెప్పాను. "నలభై కాదు నాయనా, ఒక్కటే. అదీ మా వీధిలో. కాయ కొట్టింది కూడా మా ఆవిడే."

"పోన్లెండి, ఒకటైనా ఏసేరు," అని నవ్వాడు. "ఆ నీల్లు తీపేనా బాబూ?"

"తీపే," అన్నాను.

ఇప్పటికీ ఇంట్లో గోడవైపు తిరిగే నీళ్లు తాగుతాను. "ఏటి మావయ్యా, దొంగసాటుగా తాగతన్నారు?" అంటుంది కోడలు. వెలుతురు కళ్లలో కొడుతోందంటాను.