ఒక్కదాన్ని పంపబోయి

ఎనభైల నడుమ, పదో తరగతి పాసైన ఏడాది, నాకు బెజవాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. మా ఊరు అమరావతికి కాస్త దిగువన, కృష్ణ ఒడ్డునే ఉంటుంది. అప్పటికి తెల్లదోమ వరసగా పత్తిని తినేస్తోంది. చేలున్నవాళ్లే దిగాలుపడి కూర్చుంటే, ఆ చేలల్లో పత్తి తీసి బతికే మాకు పనెక్కడిది? అన్నయ్య హైదరాబాదులో మందుల కంపెనీలో చేరాడు. నాతో చదివినవాళ్లలో చాలామంది ఊళ్లో లేరు. చర్చిలో యువజనుల కూటమి అంటే నేనూ ఇంకో ఇద్దరూ మిగిలాం.

వానలకు రోడ్డు పాడైందని నాన్న నన్ను లాంచీలో పంపుదామన్నాడు. లాంచీ మా ఊళ్లో ఆగదు కాబట్టి పొద్దున్నే ఎడ్లబండి కట్టి అమరావతి రేవుకు వెళ్లాం. నాన్న, అమ్మ, నాయనమ్మ, పాస్టరుగారు బండిలో వచ్చారు. దర్జీ బాబాయి సైకిలు మీద వెనకే వచ్చాడు. ఆయన ముస్లిం, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. నా తెల్ల యూనిఫారాలు కుట్టింది ఆయనే. ఒకదానికి గుండీలు కుట్టడం మిగిలిపోయింది.

"రేవులో కూర్చుని కుట్టేస్తాలే అమ్మా, కంగారుపడకు" అన్నాడు.

లాంచీ వచ్చింది. నాన్న ఎడ్ల దగ్గర ఒడ్డునే ఉండిపోయాడు. అమ్మ నా పెట్టె సర్దడానికి లాంచీ ఎక్కింది. నాయనమ్మ పుట్టి పెరిగింది ఆ నది పక్కనే అయినా లాంచీలో ఎప్పుడూ కాలుపెట్టలేదు. "దీని సీటెక్కడో చూసి దిగుతా" అంటూ తనూ ఎక్కింది. బాబాయి గుండీలు కుడుతూనే ఎక్కాడు. చివరికి పాస్టరుగారు ఎక్కి, "ఒక్క చిన్న ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

ఆయన చిన్న ప్రార్థన సంగతి మా పేటంతా ఎరుగుదుం. నా చదువుతో మొదలుపెట్టి, ఆసుపత్రిలో రోగులను తలుచుకుని, ఊరు విడిచిన పిల్లలందరినీ పేరుపేరునా అప్పగించి, మిరప నారుమళ్ల దాకా వచ్చారు. కాళ్ల కింద ఏదో అదురుతోంది. అయినా ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి రేవు ఎక్కడో వెనక ఉంది.

"అయ్యో, ఆపండయ్యా!" అని అమ్మ కేకేసింది.

లాంచీ నడిపే సరంగు వెనక్కి తిరగను కూడా లేదు. "బయల్దేరే గంట కొడితే మీరంతా కలిసి 'స్తోత్రం' అన్నారు గదమ్మా! నేనేమనుకోవాలి?"

ఒడ్డున నాన్న ఎడ్లను వదిలేసి, "ఒరేయ్, ఆపండ్రా!" అంటూ పరుగెత్తుతున్నాడు. నాయనమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఒరేయ్, గేదెకు కుడితి పెట్టరా! మేం సాయంత్రానికి వచ్చేస్తాం!"

అంతే, అమ్మకు నవ్వాగలేదు. అమ్మను చూసి నాకు, నన్ను చూసి బాబాయికి. పాస్టరుగారు కాసేపు నీళ్లవైపే చూస్తూ కూర్చున్నారు గానీ, నాకని కట్టిన పులిహోర విప్పగానే ఆయనా మాలో కలిశారు. హాస్టలుకని తెచ్చుకున్న జంతికలు కూడా అప్పుడే అయిపోయాయి.

ఇంతలో మా ఊరు వచ్చింది. నిండుగా పారే ఎర్రనీళ్లు, లంక మీద కొంగలు, తడిసిన నల్లరేగడి, వెనక చర్చి మీది సిలువ. నాయనమ్మ నిలబడిపోయింది.

"ఓసి, మనూరు ఇంత బాగుంటుందా! నాకెవరూ చెప్పలేదే!"

"బాగుండి ఏం చేసుకుంటాం అత్తా, పనుల్లేకపోయె" అంది అమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. ఆ రోజు మాలో ఎవరికైనా కన్నీళ్లొచ్చింది అప్పుడొక్కసారే.

బెజవాడలో దిగి అయిదుగురమూ హాస్టలుకు నడిచాం. వార్డెనమ్మ మమ్మల్ని వరసగా చూసి, "ట్రైనింగుకు వచ్చిందెవరు?" అంది.

"ఇదొక్కతేనమ్మా. మేం ప్రార్థనలో ఉండి వచ్చేశాం" అంది నాయనమ్మ.

సంగతి విని ఆవిడ నవ్వి, అందరికీ టీ ఇప్పించింది. అమ్మా నాయనమ్మా లోపలికొచ్చి నా మంచం నొక్కి చూశారు. బాబాయి చివరి గుండీ కుట్టి, దారం తెంపి, యూనిఫారం నా చేతిలో పెట్టాడు. తిరుగు లాంచీ మర్నాడే అనడంతో, గతుకుల రోడ్డయినా సరేనని మధ్యాహ్నం బస్సుకు నలుగురూ వెళ్లిపోయారు. నాన్న మాత్రం వారం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా పక్కన కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన పిల్ల కూర్చుంది. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"నీతో అంతమంది వచ్చారేంటి?" అని నెమ్మదిగా అడిగింది.

మొదటి నుంచీ చెప్పాను. సరంగు మాట దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లకు పొలమారింది. నేను వీపు తడుతుంటే, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతూ, "మాకు అన్ని పడవలున్నాయి గానీ ఇలాంటి పాస్టరుగారు లేరే!" అంది. మూడేళ్లూ మా మంచాలు పక్కపక్కనే.