పాప పడే చోట

రెండు వారాల కిందట, శనివారం పొద్దున ఆరున్నరకు, మా పక్కింటి అత్త పెరట్లో గడ్డికి నీళ్లు పెడుతూ కుప్పకూలి చనిపోయింది. గుండెపోటని డాక్టరు చెప్పాడు. ఆమెకు డెబ్బై దాటాయి. మొదట చూసింది ఆమె కూతురు. ఆ కూతురికీ నలభై దాటాయి కానీ కోసపాళయంలో మా వీధంతా ఇప్పటికీ పాప అనే పిలుస్తుంది. పాపకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. మాత్రలు వేసుకున్నా వస్తుంది, వస్తే ఉన్నచోటే పడిపోతుంది. అత్త గడ్డి పెంచింది అందుకే.

ఒకప్పుడు ఆ పెరడంతా రాతి పలకలు. పాప బడికి వెళ్లే వయసులో బట్టలుతికే బండ మీద పడి ముందు పళ్లు విరగ్గొట్టుకుంది. మర్నాడు అత్త మిల్లు పనికి పోలేదు. గడ్డపార తెచ్చి పలకలు లేపడం మొదలుపెట్టింది. మామ అరుపులు మా ఇంట్లోకి వినిపించాయి.

"ఏంది ఇది, పైత్యం పట్టిందా నీకు? దొరసానివా, ఇంట్లో గడ్డి లాను కావాలా?"

"దొరసానికి సోకుకి. నాకు బిడ్డ తలకాయకి. పా, ఆ పక్క పట్టు."

మామ పట్టాడు.

తెలిసి చేసిన పని కాదది. మొదట నర్సరీ నుంచి తెచ్చిన సన్న గడ్డి చూడ్డానికి తివాచీలా ఉండేది. ఐప్పసి నెల ముసురు వానలకు నీరు నిలిచి అది కుళ్లిపోయింది. మట్టిలో ఇసుక కలిపి, నీరు పోయేలా వాలు చేసి ఈసారి గరిక నాటింది. చుట్టూ గోడలు, మధ్యాహ్నం దాటితే ఎండ పడదు. గరిక పలచబడి నేల బయటపడింది. మూడోసారి వెడల్పాకుల బఫెలో గడ్డి తీగలు తెచ్చి నాటింది. నీడకూ, మా బోరు ఉప్పునీళ్లకూ తట్టుకుని అదే నిలిచింది. అప్పటికి పాప వోణీ వేసుకుంటోంది.

ఓడిపోయిన రెండు రకాల గడ్డి నుంచే అత్త తన పద్ధతులు నేర్చుకుంది. నీళ్లు పొద్దున మాత్రమే పెట్టేది. సాయంత్రం పెడితే మన ఊరి ఉక్కకు ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు పడుతుంది. రోజూ కూడా పెట్టేది కాదు. "దప్పికైతే అదే చెప్తాది. ఆకు మడుస్తాది. అప్పుడు పెట్టు, వేరుదాకా పెట్టు" అనేది. కత్తెరతో కోసినా నాలుగు వేళ్ల ఎత్తు వదిలేది. "గుండు కొడితే ఎండకు మాడిపోతాది. మెత్తగా ఉండాలంటే జుట్టు ఉండాల గదా." ఎరువు వేయమని ఎవరైనా సలహా ఇస్తే, "వానాకాలంలో తిండి ఎక్కువైతే దానికీ జబ్బే" అని సాగనంపేది.

గోడ మీద నుంచి నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"అత్తా, ఆవుని ఎప్పుడు తెస్తావు?"

"ఆవెందుకురా, నువ్వు ఉండావు గదా. గోడ దూకి రా, మేసిపో."

పాప పక్కున నవ్వేది. ఆమె పగలంతా ఆ గడ్డి మీదే. చిన్న ఉల్లిపాయలు ఒలిచేది, మల్లెలు కట్టేది, వీధి కుక్కకు పేర్లు మార్చి మార్చి పెట్టేది. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు ఒరిగి పడేది. అత్త పరుగెత్తేది కాదు. నడిచి వచ్చి పక్కన కూర్చుని, ఆమెను పక్కకు తిప్పి, నోటి నురుగు తుడిచి, తగ్గేదాకా కదిలేది కాదు. లేచాక పాప జుట్టులో గడ్డిపరకలు ఏరేది. గడ్డి వచ్చాక పాపకు కుట్లు పడటం నేను చూడలేదు.

మామ ఎప్పుడో పోయాడు. అత్త అంత్యక్రియలైన సాయంత్రమే ప్రశ్న వచ్చింది. పాప ఎక్కడ ఉండాలి? ఆమె తమ్ముడు ఊరి చివర మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు మనిషి. భార్యా పనికి పోతుంది. అక్కడికి దగ్గర్లోనే మూడో అంతస్తులో అద్దెకుంటారు. పాప ఒకటే మాట చెప్పింది: "నేను ఈడ్నే ఉంటా." ఎదురింటి వదిన వీధి తరఫున హామీ ఇచ్చింది. "మేమందరం లేమా తమ్ముడా? అన్నం మేం పెడతాం, మాత్రలు మేం ఇస్తాం, పెరడు మేం చూసుకుంటాం." కర్మదాకా చూద్దామని అతను ఒప్పుకున్నాడు.

వీధివాళ్లు మాట తప్పలేదు. అన్నం వేళకు వచ్చింది, మాత్రలు వేళకు అందాయి. గడ్డి అత్త ప్రాణమని అందరికీ తెలుసు. పనుల నుంచి వచ్చాక వంతులేసుకుని రోజూ సాయంత్రం తడిపారు. మధ్యలో జల్లు పడిన రోజు కూడా మానలేదు.

నేను వారం రోజులు పనిమీద కారైకాల్‌లో ఉండి బుధవారం తిరిగొచ్చాను. గడ్డిలో గోధుమరంగు మచ్చలు గుండ్రంగా పరుచుకున్నాయి. పరక పట్టి లాగితే మొదలు కుళ్లి చేతికొచ్చింది. మచ్చల నడుమ నేల జారుతోంది.

"పాప చెప్తానే ఉండింది, సాయంత్రం వద్దు, అమ్మ పెట్టదని" అంది వదిన. "పాప మాట గదా, సుమ్మా, ఊరికే అంటాదిలే అనుకున్యాం."

గురువారం తమ్ముడు వచ్చి పెరడంతా తిరిగి చూశాడు. ఎవరి మీదా కేకలేయలేదు.

"ఇంతమంది ఉండి గడ్డిని చూసుకోలేకపోయినారు. మా అక్కని ఏం చూసుకుంటారు వదినా?"

పాప సరిగ్గానే చెప్పిందని, వినకపోవడం తక్కినవాళ్ల తప్పని నేను అతనికి చెప్పాను.

"తెలుసన్నా. మా అక్కకి అంతా తెలుసు. పడేటప్పుడు కింద ఏముండాది? అది చెప్పు."

జవాబుగా చూపించడానికి మా దగ్గర కుళ్లిన ఆ పెరడే ఉంది. నీళ్లు ఆపితే, ఎండ కాస్తే, అంచున బతికున్న తీగలు మళ్లీ పాకుతాయి. దానికి నెలలు పడుతుంది. అతనికి సెలవు సోమవారం వరకే.

ఆదివారం పదహారో రోజు కర్మ. సోమవారం పొద్దున పాపను తీసుకెళ్లడానికి కారు వస్తుంది. అంతకుముందు, రేపు శనివారం, తమ్ముడి ఇంట్లో మూడో అంతస్తు మెట్ల పైన ఇనుప గేటు బిగించడానికి వెల్డర్ వస్తున్నాడు. గొళ్లెం బయటివైపు పెట్టమని చెప్పారు.