అతుకుల్లో తప్పు లేదు

శాలిబండలో మా ఇంటి స్నానాల గదికి నేను బిగించిన బాయిలర్ పొగగొట్టం గురించి ఇన్నేళ్ళలో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎవరైనా ఎత్తితే కసురుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నా కోపమే వస్తోంది, నా మీదే.

నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్ళయింది. నాకు ఇరవై రెండేళ్ళు. ఒక కార్ఖానాలో బాయిలర్ ఫిట్టర్‌ని. పని నేర్పిన ఉస్తాద్‌ది బార్కస్. పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు కానీ, ఆయన వేసిన అతుకులోంచి పొగ బయటికి రావడం ఎవరూ చూడలేదు. పై గొట్టం కింది గొట్టంలోకి దిగాలి. సందులో ఆస్‌బెస్టాస్ తాడు కూరాలి. బట్టీ మట్టిలో జల్లించిన బూడిద, ఉప్పు కలిపి పైన మెత్తి, రెండు రోజులు సన్న సెగకు ఆరనివ్వాలి. ఆఖరున ఊదుబత్తి వెలిగించి అతుకు చుట్టూ తిప్పాలి. దాని పొగ వణకకుండా నిటారుగా లేస్తే పని అయినట్టు.

ఆ చలికాలం అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు పూటపూటా వేడినీళ్ళు కావాలని, బేగంబజార్‌లో పాత రాగి బాయిలర్ కొని స్నానాల గదిలోనే ఒక మూల నిలబెట్టాను. కింద బొగ్గులు, పైన నీళ్ళు, గోడలోంచి బయటికి పొగగొట్టం. నాలుగు అతుకులూ ఊదుబత్తి పరీక్షకు నిలిచాయి. నా కళ్ళు నెత్తికెక్కాయి.

తట్టలో ఇంకా మట్టి మిగిలింది. అమ్మ చూసింది.

"గా కిటికీలకెళ్ళి గాలి గొడ్తాంది బిడ్డా. బాలింతకు సలి తగిల్తే ఎట్ల? జర దానికి గూడ మెత్తరాదు?"

మెత్తాను. కిటికీ రెక్కల సందులు, చట్రం చుట్టూ, పైనున్న చిన్న వెంటిలేటర్, అన్నీ. తలుపు కింద అమ్మ గోనెపట్ట కుక్కింది. బాలింతకు గాలి సోకకూడదని మా వాడలో అందరూ చేసేదే. కాకపోతే వాళ్ళు గుడ్డపేలికలు కుక్కుతారు. నేను ఫిట్టర్‌ని కదా, శాస్త్రోక్తంగా మూశాను.

వారం రోజులు ఏమీ కాలేదు. నీళ్ళకనీ గుడ్డలకనీ అమ్మ తిరుగుతుంటే తలుపు తెరుచుకుంటూ ఉండేది. ఎనిమిదో రోజు పొద్దున పాపకు నీళ్ళు పోసి, అక్క ఒళ్ళో పెట్టి, "ఎచ్చగ కూసో, సాంబ్రాణి తెస్త" అని తలుపు లాగి వెళ్ళింది. వాకిట్లో పక్కింటామె పలకరిస్తే మాటల్లో పడింది. తిరిగి వచ్చేసరికి అక్క గోడకు ఒరిగిపోయి ఉంది. నేనే ఎత్తుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. పాప తెరవలేదు.

గదిలో పొగ లేదు, వాసన లేదు. బొగ్గుల నిప్పులోంచి కంటికి కనిపించని విషం వస్తుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు? "నిద్ర వట్టినట్టుంది" అంది అక్క. ఆ మాట చాలు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కునుకు పట్టిందట, పాప చెయ్యి కింద నలిగిందట. అక్క విన్నది, నమ్మింది.

మూడో రోజు ఉస్తాద్ వచ్చాడు. తలుపు తెరిచి పెట్టి నిప్పు రాజేశాడు. ఊదుబత్తితో నాలుగు అతుకులూ చూశాడు.

"జోడ్ల కసూర్ లేదు బేటా."

అతుకుల్లో తప్పు లేదట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎంత సిగ్గులేని సంతోషమో! తర్వాత తలుపు మూయించాడు. కాసేపాగి అదే ఊదుబత్తిని నిప్పు గూటి మూతి దగ్గర పెట్టాడు. పొగ లోపలికి పోలేదు, మా మొహాల మీదికి తిరిగింది. ఆయన చటుక్కున తలుపు తెరిచి కిటికీ వైపు చూశాడు.

"నిప్పుకు గాలి యాడికెళ్ళి రావాలె? గిది ఎవరు మూసిండ్రు?"

నా చూపు మూలనున్న మట్టి తట్ట మీదికి పోయింది. ఆయనకు అర్థమైంది.

"మీ అక్కకు జెప్పు," అన్నాడు. "ఆమె కసూర్ కాదని జెప్పు. గంతే."

ఆ సాయంత్రమే ఉలితో కిటికీ మట్టి రాలగొట్టాను. అక్కకు మాత్రం చెప్పలేదు. అమ్మ అడిగితేనే మెత్తాను కాబట్టి, చెబితే అమ్మ కుమిలిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదంతా ఒట్టి మాట. అక్క నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. రేపు చెబుదాం, అత్తారింటికి వెళ్ళాక ఉత్తరం రాద్దాం అనుకుంటూ రెండేళ్ళు గడిపాను. పాప కలలోకి రాలేదు. వస్తే బాగుండేది. ఊదుబత్తి వాసన తగిలితే మాత్రం దేవుడి ముందు నుంచి కూడా లేచిపోయేవాణ్ణి.

అక్క మళ్ళీ కాన్పుకు వచ్చింది. ఈసారి కొడుకు. ఆమె నిద్రపోవడం మానేసింది. పాలిచ్చేటప్పుడు గోడకు ఆనుకోకుండా గది నడుమ కూర్చునేది. తల వాలినప్పుడల్లా ముంజేతిని గిల్లుకునేది. అక్కడంతా కమిలి నల్లబడింది.

ఒక మధ్యాహ్నం అమ్మ బజారుకు వెళ్ళినప్పుడు నన్ను పిలిచింది.

"తమ్మీ, నాతోని అయితలేదురా. నాది పాపపు నిద్ర. జర ఈడ్నే కూసో. నా కన్ను మూతవడ్తే లేపుతవా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఇంట్లో మేమిద్దరమే. పిల్లవాడు పాలు తాగుతున్నాడు.

"లేపుత అక్కా," అన్నాను.

ఆమెకు కునుకు పట్టినప్పుడల్లా, మాట తప్పకుండా, సాయంత్రం దాకా లేపుతూనే ఉన్నాను.