తోమి తెచ్చిన మల్లె వేళ్లు

తిరువళ్లూరులో మా మట్టి పరీక్షల ల్యాబుకు వచ్చే సంచుల్లో సాధారణంగా మట్టి ఉంటుంది. మామ తెచ్చిన సంచిలో అరిటాకు పొట్లం ఉంది, అందులో పసుపు పూసిన మల్లె వేళ్లు. మా ఇళ్లలో పెళ్లికూతుళ్లను కూడా అంత శ్రద్ధగా తయారుచేసిన గుర్తు లేదు.

మామ మా అమ్మకు అన్న. తిరుత్తణి పక్కన ఆయనకు అర ఎకరం మల్లెతోట ఉంది. రెండేళ్లుగా చిగురు సరిగా రావడం లేదు. శుక్రవారం ట్రాక్టరు పెట్టి దున్నించేయాలని ఇంట్లో మామ తప్ప అందరూ తీర్మానించారు. వేళ్లలో కాపురముండి, మట్టిలోని భాస్వరాన్ని మొక్కకు అందించే శిలీంధ్రం ఒకటుందనీ, దాన్ని మేం పరీక్షిస్తామనీ ఎప్పుడో నేనే ఆయనకు చెప్పాను. అది ఉందని తేలితే తోట ఉంచాలని మామకూ అత్తకూ ఒప్పందం.

"మట్టి యాడ మామా?" అన్నాను.

"ఆఫీసుకు మట్టితో ఎట్ల తెచ్చేది పాపా? పీచు పెట్టి తోమినా. మీ అత్త పసుపు రాసింది."

"సన్న వేళ్లు?"

"అవి సిక్కు మాదిరి ఉండాయి. పీకి పారేసినా."

శిలీంధ్రం ఉండేది ఆ చిక్కులోనే. సంగతి వీలైనంత మెల్లగా చెప్పాను. మామ పొట్లం మళ్లీ కట్టి కాసేపు ఫ్యాను వైపు చూశాడు. అది తిరగడం లేదు.

అది బుధవారం. ఒక పూట సెలవు పెట్టి మామతోనే రైలెక్కాను. తోటలో ఆరు మొదళ్ల దగ్గర తవ్వి, వెంట్రుకల్లాంటి వేళ్లను మట్టితో సహా కవర్లలో వేస్తుంటే అత్త గట్టున నిలబడి, "నిన్ను సదివించింది దీనికా?" అంది. దీనికే అన్నాను.

గురువారం ఆ వేళ్లను కడిగి, రంగు పోయేదాకా క్షారంలో వేడిచేసి, శిలీంధ్రానికి రంగు పట్టేలా వెనిగర్ కలిపిన నీలం సిరాలో ఉడికించాను. మా ల్యాబులో సిరాతో ఎవరూ ఏమీ రాయరు. మామ పొద్దున్నుంచీ బెంచీ మీదే కూర్చున్నాడు.

మైక్రోస్కోపులో చూస్తే వేరు కణాల మధ్య నీలం దారాలు, కణాల లోపల బుల్లి చెట్లలాంటి కొమ్మలు. ఒకచోట కాదు, చూసిన ప్రతి ముక్కలోనూ. మామను పిలిచాను. ఒక కన్ను మూసి చూడమంటే రెండూ మూసి, "ఏమీ కనపల్లేదే" అన్నాడు. తర్వాత ఒకటి తెరిచాడు. చాలాసేపు లేవలేదు.

"మల్లెలోపల ఇంకో తోట ఉండాదే పాపా."

"దీంతోనే పూస్తుందని చెప్పలేను మామా. కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించాల."

"అదంతా సరి. ఉండాదా, లేదా?"

"ఉండాది."

మామ వరండాలోకి వెళ్లి ట్రాక్టరతనికి ఫోనులో తమిళంలో రావద్దని చెప్పాడు. అత్తకు ఫోను చేసి అదే మాట తెలుగులో చెప్పాడు. తమిళంలో ఉన్నంత ధైర్యం అందులో లేదు.

ఎండలు మొదలయ్యేసరికి తోట పూతకొచ్చింది. మొదటి మొగ్గలు మామే ల్యాబుకు తెచ్చాడు. పొట్లం విప్పితే మొగ్గలతో పాటు గుప్పెడు మట్టి.

"కడగలేదు పాపా."

"కనపడతా ఉండాది మామా."

దులిపి, మాల కట్టి తలలో పెట్టుకున్నాను. పూర్తిగా దులపలేదు.