మామ కన్ను, నా సెంట్రల్ గాలి

పాతబస్తీల సెంట్రల్ కూలింగ్ ఎవరింట్ల ఉన్నదని ఎవరన్న అడిగితే నా పేరు చెప్పుర్రి. ఒక్క స్విచ్ ఏసి, ఇంట్ల ఉన్నోళ్లందరినీ ఒక్కసారే తుమ్మిపిచ్చిన మొగోన్ని నేను. ఛాయ్ తాగుకుంట ఇనుర్రి. నవ్వొద్దు అనను, నేను వద్దంటె మీరు ఆగుతరా ఏంది!

ఇదంత మా మామ కన్ను కాడ షురువైంది. మామ అంటె నా పెండ్లాం సుగుణ వాళ్ల నాయన. ఉప్పుగూడల టైలరు. రెండు కండ్లల్ల పొరలొచ్చినయ్. సూదిల దారం ఎక్కియ్యనీకి దుకానం ముందట పోయేటోళ్లను పిలిచే కాడికొచ్చిండు పాపం. "మిషన్ బంద్ పెడితె నేనేం చెయ్యాలె బిడ్డా" అని సుగుణ ముందట ఒకసారి ఏడ్శిండట. నాకు అది ఇన్నంక మనసు మంచిగనిపియ్యలే. ముందుగాల కుడి కన్నుకు ఆపరేషన్ చేపిచ్చినం. డాక్టర్ పంపిస్తు పంపిస్తు చెప్పిండు: "కుట్లు ఆరేదాక తుమ్మొద్దు, దగ్గొద్దు, వంగొద్దు. గట్టిగ తుమ్మితె కుట్లు తెగుతయ్. తర్వాత నన్ను అడగొద్దు."

వాళ్లది రేకుల ఇల్లు, పైనుంచి ఎండకాలం. గందుకే మామను గౌలిపురకు మా ఇంటికి తీస్కొచ్చినం. మాది రైలు డబ్బాల లెక్క ఒకదాని ఎనక ఒకటి మూడు రూములు. ఎనక రూము మామకు ఇచ్చినం.

సుగుణ సీదా మాట చెప్పింది. "నాయన రూము కిటికీకి ఒక కూలర్ పెట్టు. సాలు."

ఆమె మాట ఇనుంటె ఇయ్యాల మీకు ఈ కతనే లేకపోతుండె. కాని నేను డ్రాఫ్ట్స్‌మన్‌ను కద! మా ఆఫీసు డ్రాయింగ్ హాల్ల సెంట్రల్ ఏసీ ఉన్నది. మిషన్ ఎక్కడ్నో కింద ఉంటది, గాలి మాత్రం రేకు గొట్టాలల్లకెల్లి వచ్చి నా నెత్తి మీద పడ్తది. రోజంత దాని కింద కూసొని కూసొని, దాన్ని నేనే కనిపెట్టినట్టు అయిపోయిన.

"ఒక్క రూముకు కూలర్ పెడితె మిగతా రెండు రూములు ఉడికిపోవాల్నా?" అన్న. "పెద్ద కూలర్ ఒక్కటి మిద్దె మీద పెడ్త. గొట్టాలు ఏపిచ్చి మూడు రూములకు గాలి దింపుత. సెంట్రల్! ఇంట్ల ఎవ్వరికీ పార్షాలిటీ ఉండది."

"ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే" అన్నది సుగుణ.

మా అమ్మ బియ్యం ఏరుకుంట తల ఎత్తకుండనే అన్నది: "గాలి ఏమన్న బర్రెనారా, నువ్వు తోలిన దిక్కు పోనీకి?"

అమ్మ బర్రెలను మేపిన మనిషి, ఆమెకు డక్టింగ్ గురించి ఏం తెలుస్తది అనుకున్న. గట్ల అనుకొని ఆరోజే డ్రాయింగ్ గీసిన. మస్తుగ గీసిన! ప్లాన్, సెక్షన్, బాణం గుర్తులు అన్నీ పెట్టిన. బాణాలు చూస్తుంటెనే సల్లగ అనిపిచ్చింది.

గొట్టాలు ఎవరు చేస్తరు? ఆఫీసుల పని చేసేటోళ్లు ఇండ్లకు రారు. మా గల్లీ మలుపుల రేకు సందూకులు, అంటె బట్టల పెట్టెలు, చేసే ఖాసిం భాయ్ ఉన్నడు. పెండ్లి సందూకులంటె ఆయనయే. ఆకుపచ్చ రంగేసి మీద గులాబీలు గీస్తడు. డ్రాయింగ్ చూపిచ్చిన. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"ఫికర్ నక్కో సాబ్, ఏం భయం లేదు!" అన్నడు. "పొడుగు సందూకే కదా ఇది. రేకు అదే, రివిట్ అదే."

పని మంచిగనే చేసిండు, అబద్ధం ఎందుకు చెప్పాలె. కాని చేతికి అలవాటైన పని ఊకుంటదా? గొట్టాలన్నిటికీ ఆకుపచ్చ రంగు కొట్టి, మూల మూలకు ఒక గులాబీ పువ్వు గీసిండు. "ఫ్రీ సాబ్" అన్నడు. మా ఇంటి పైకప్పు కింద ఎవరి పిల్లనో అత్తగారింటికి తోలుతున్నట్టు అనిపిచ్చింది. సుగుణ చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది.

ఆన్ చేసిన రోజు ముందు రూముల గోడకున్న క్యాలెండర్ ఎగిరి పడ్డది. గట్లుంది గాలి! నడిమి రూముల కూడ పర్వాలేదు. ఉరికి మామ కాడికి పోయిన. కట్టు కట్టిన కన్నుతోటి, తల కదపకుండ సీదాగ పండుకొని ఉన్నడు.

"ఎట్లుంది మామా?"

"మస్తు సల్లగుంది అల్లుడా."

"మరి చేతుల ఇసనకర్ర ఎందుకు?"

"ఈగలు."

నా ఛాతి ఇంతైంది. సుగుణ దిక్కు చూసిన, ఇన్నవా అన్నట్టు.

ఇగ అసలు లొల్లి ఆదివారం నాడు. మామను చూడనీకి సుగుణ మేనత్త, ఆమె పెనిమిటి వచ్చిర్రు. వాళ్లు ఎట్ల ఉన్నవని మామను అడిగిర్రో లేదో, నేను పట్టుకొచ్చి ముందు రూముల గొట్టం మూతి కింద కుర్చీలేసి కూసోబెట్టిన. సెంట్రల్ చూపియ్యాలె కద! తీరా చూస్తె ఆ రోజు నల్లా నీళ్లు రాలే. కూలర్ల నీళ్లు లెవ్వు, గడ్డి ఎండిపోయి ఉన్నది. "నీళ్లు లేకుంట ఎందుకు తిప్పుతున్నవ్?" అని సుగుణ అడిగింది. చుట్టాల ముందట నా ఇజ్జత్ ఏం కావాలె? "గాలన్న వస్తది" అని స్విచ్ ఏసిన.

ఒక మాట చెప్పుడు మర్చిపోయిన. మిద్దె మీద కూలర్‌ను నీడ కోసమని పక్కింటి పిట్టగోడకు ఆనిచ్చి పెట్టిన. పక్కింట్ల యాదమ్మక్క ఉంటది. ఎండకాలం వస్తె ఆమె ఏం చేస్తదో గౌలిపుర మొత్తానికి ఎరుకే. నలుగురు ఆడోళ్లను పిలిచి, మిద్దె మీద రోలు పెట్టి ఏడాదికి సరిపోయే కారం దంచిపిస్తది. ఎరుకలేనిది నా డ్రాయింగుకే.

కాసేపటికి మీదికెల్లి దబ్ దబ్ అని సప్పుడు.

"ఏందది?" అన్నది మేనత్త.

"ఫ్యాన్ జర లూజ్ అయినట్టుంది" అని పెద్ద ఇంజనీర్ లెక్క చెప్పిన. "స్పీడ్ పెంచితె సెట్ అయితది." పెంచిన.

ముందుగాల మేనత్త పెనిమిటి ముక్కు గోక్కున్నడు. తర్వాత మేనత్త కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. "అల్లుడా, నీ గాలి ఘాటుగ..." అనుకుంటనే హాఛ్ అన్నది! పెద్దాయన ఇంకోటి. నడిమి రూముల అమ్మ ఒకటి. పొయ్యి కాడికెల్లి సుగుణ ఒకటి. నేనైతె లెక్క పెట్టుడు బంద్ చేసిన. కారం దంచే తావున నిలబడ్డోళ్లకు కూడ గంత ఘాటు తగిలి ఉండది. యాదమ్మక్క దంచిన దుమ్ము నా కూలర్ తాగి, ఖాసిం భాయ్ గులాబీ గొట్టాలల్లకెల్లి ప్రతి రూముకు పంచిపెడుతున్నది.

గప్పుడు సుగుణ కేక పెట్టింది: "నాయనా! తుమ్మకు! నాయనా, తుమ్మకే!"

నా పానం పోయినంత పనైంది. మామ కన్ను! కుట్లు! స్విచ్ బంద్ చేద్దమని గోడ మీద చెయ్యి ఏసిన. కండ్లల్ల నీళ్లు, ఏం కనపడ్తలేదు. లైట్ ఎలిగింది. ఇంకోటి నొక్కిన, రేడియో మొత్తుకున్నది. మూడోది నొక్కితె కూలర్ ఆగింది. పడుకుంట లేసుకుంట ఎనక రూముకు ఉరికిన. నా కన్న ముందుగాల సుగుణ, దగ్గరకేసి ఉన్న తలుపు తీసి లోపలికి పోయింది. నేను తలుపు కాడికి పోయేసరికి నా మొకం మీదనే ధన్‌మని పెట్టేసింది.

"నువ్వు రాకు! నీ బట్టలకంత కారమే ఉన్నది!" అని లోపల్నుంచి అరిచింది.

తలుపుకు చెవి పెట్టి నిలబడ్డ. దేవుడా, తుమ్ము సప్పుడు రావద్దు, ఒక్కటి కూడ రావద్దు అని మొక్కుకున్న. ఆయన మిషన్ తొక్కకుండ అయితె నేను సుగుణకు మొకం ఎట్ల చూపిస్త?

తుమ్ము రాలే. మామ గొంతు వచ్చింది, నిమ్మలంగ. "ఏమైంది బిడ్డా? ఇంట్ల అందరికీ ఒక్కసారే సర్ది పట్టిందా?"

"మామా!" అని తలుపు ఇవతల్నుంచే మొత్తుకున్న. "నీకు ఘాటు రాలేదా? గొట్టం నీ నెత్తి మీదనే ఉన్నది కద!"

"ఉన్నదేమో అల్లుడా. గాలైతె ఎన్నడూ రాలే."

"మరి మస్తు సల్లగుంది అన్నవ్?"

"అల్లునింట్ల ఉండుకుంట అల్లుడు అడిగితె ఉడుకుతున్నదని ఎట్ల అంట? మర్యాద కాదు కద" అన్నడు.

మర్యాద! ఇసనకర్ర ఊపుకుంట, చెమట తుడుసుకుంట ఇన్ని రోజులు మర్యాదకు పండుకున్నడు. సుగుణకు కూడ ఎరుకే. నాయన ఒట్టేపిచ్చుకున్నడట, అల్లునికి చెప్పొద్దని. నాకు సిగ్గయింది, నవ్వు కూడ వచ్చింది, పైనుంచి ఇంకో తుమ్ము వచ్చింది.

సాయంత్రం ఖాసిం భాయ్‌ని తీస్కొచ్చి మామ రూముల గొట్టం జాలీ తీపిచ్చిన. ఎనక రేకు! మూతి మొత్తం మూసేసి, సుట్టు రివిట్లు కొట్టి ఉన్నది.

"ఇదేంది భాయ్?"

"ఆఖరిది కదా సాబ్" అన్నడు, నేనే తెలివి తక్కువ మాట అడిగినట్టు. "గందుకే అడుగు కొట్టిన. అడుగు లేని సందూకు ఎవరన్న చేస్తరా?"

ఎవరి కోసమైతె ఇంత సెంట్రల్ కట్టిచ్చిన్నో ఆయనకు గాలి రాలే, రాకపోబట్టే ఆయన కన్ను దక్కింది. నా పని మంచిగ అయి ఉంటె మామ కన్ను పోయేది. ఖాసిం భాయ్‌కి ఛాయ్ తాగిపిచ్చి పంపిన.

తెల్లారి పోయి కిటికీకి పెట్టే చిన్న కూలర్ తెచ్చిన. సుగుణ ముందుగాల చెప్పిందే. గొట్టాలు మాత్రం తీయలే. తీస్తె గోడలకు బొక్కలు కనపడ్తయ్.

మొన్న డాక్టర్ మామ కన్ను చూసి మంచిగున్నదని మందపాటి అద్దాలు రాసిచ్చిండు. అవి పెట్టుకొని ఇంటికొచ్చిండు. ముందుగాల నా మొకం చూసిండు, నవ్విండు. సుగుణను దగ్గరికి తీసుకొని చూసిండు, ఇద్దరూ ఏడ్శిర్రు. తర్వాత మెల్లగ తల ఎత్తి మీదున్న గులాబీ గొట్టాలు చూసిండు. ఈ మూలకెల్లి ఆ మూల దాక చూసిండు. ఇగ ఇప్పుడన్న నా పనితనానికి ఒక్క మంచి మాట వస్తదని నిలబడ్డ.

మామ అద్దాలు తీసి బిడ్డ చేతుల పెట్టిండు.

"జర లోపల పెట్టు బిడ్డా," అన్నడు, "ఇయ్యాల్టికి సాలు. కొత్త కన్ను, ఒక్కసారే గింత చూడొద్దు."