చేతివాటం

విసురు మాస్టారు మనిషి ముఖం చూడరు, చేతులు చూస్తారు. సొంత అన్నగారు ఎదురుగా వచ్చి నిలబడినా, ఆయన జేబుల్లోంచి చేతులు తీసేదాకా "ఎవరండీ మీరు?" అనే అడుగుతారు. ఒకసారి చలికి చేతులు కట్టుకుని నిలబడ్డ ఇంటి యజమానిని ఎవరో పరాయి మనిషనుకుని, ఇంటి యజమాని ఎంత పిసినారో ఆయనకే వివరంగా చెప్పారట.

మాస్టారు లాండ్రీ పైన ఒంటి గదిలో ఉంటారు. బొమ్మల బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అసలు పేరేదో ఉండే ఉంటుంది. కుంచెతో గీయకుండా, రంగులో ముంచి విసురుతారని విద్యార్థులు పెట్టిన పేరిది. విద్యార్థులు వెళ్ళిపోయారు, పేరు మిగిలింది.

కింద లాండ్రీలో ఇస్త్రీ చేసేది పిన్ని దగ్గరుండే అమ్మాయి. తల్లి పోయాక చదువు మధ్యలో ఆపించి, అన్నా వదినా కొన్నాళ్ళు ఉంచుకుని ఇక్కడికి పంపారు. వాళ్ళింట్లో ఆమె పడక వంటింటి గుమ్మం పక్కన. మంచినీళ్ళకి లేచినవాళ్ళందరూ ఆమెను దాటుకుంటూ వెళ్ళేవారు. ఇక్కడ బట్టల మూటల వెనక ఒక మంచం, ఒక కిటికీ ఆమెవి. రోజంతా ఆమె పలికే మాటలు "రేపు రండి", "గంజి పెట్టాలా అండీ?" ఈ రెండే. అప్పుడప్పుడు తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించేది.

వచ్చిన కొత్తలో ఓ ఉదయం గిన్నెలో వేళ్ళు ముంచి, చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. గుమ్మంలోంచి మాస్టారి పొలికేక.

"ఆగు!"

చేతిలో ఇస్త్రీపెట్టె జారబోయింది.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?"

"ఏదండీ?"

"ఆ చిలకరింపు! మోచెయ్యి కదల్లేదు. మణికట్టు ఒక్కటే తిరిగింది. చూడు, ఇటు పెద్ద చుక్కలు, అటు పోనుపోను తుంపర. దీని కోసం మహామహులు జీవితాలు ధారపోశారు!"

ఆమెకేం చేయాలో తోచక చొక్కా మీద పెట్టె పెట్టింది. చుయ్‌మంది.

"అయ్యో! చెరిపేశావా!"

అది మొదలు రోజూ అదే తంతు. ఆమె చిలకరించడం, ఆయన తన్మయులవడం, పెట్టె తగలడం, ఆయన గుండె బాదుకోవడం.

"పోయింది! ఇంకో మహత్తర చిత్రం ఆవిరైపోయింది!"

"మహత్తర చిత్రం కాదు మాస్టారూ, పోస్టుమాస్టరుగారి ప్యాంటు," అనేది పిన్ని.

మాస్టారి దగ్గర పాఠం ఒకటి మిగిలిపోయి ఉంది. వినేవాళ్ళు లేక ఇస్త్రీ బల్లకే చెప్పేవారు. "రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బొమ్మలు వేసేవాళ్ళు, అక్కడొకరు ఇక్కడొకరు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఒకే రకంగా తిరగబడ్డారమ్మా. చెట్టూ పుట్టా గీయడం మానేశారు. గుడ్డ నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు చల్లారు. చెయ్యి ఎలా కదిలిందో అదే బొమ్మ. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఒక్క ఊపిరిలో సిరా కుంచెతో అక్షరం రాసి లేచిపోయినవాళ్ళున్నారనుకో."

"తర్వాతేమైందండీ?" ఓసారి ధైర్యం చేసి అడిగింది.

మాస్టారు బల్ల మీది చొక్కా అంచు సవరించారు. "తర్వాత కర్టెన్ల మీదికీ టీ కప్పుల మీదికీ ఎక్కించారు. చెయ్యి పోయింది, చుక్కలు మిగిలాయి."

ఆయన బొమ్మలు వేసేది పాత దుప్పట్ల మీద. ఆ దుప్పట్లకి గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించుకుని పైకి మోసుకెళ్ళేవారు. వాటిని చూడడానికి ఎవరూ మెట్లెక్కేవారు కాదు. పైన ఆయన అడుగులు గుడ్డ చుట్టూ తిరుగుతుంటే, కింద అమ్మాయి ఆ చప్పుడు వింటూ అన్నం తినేది. ఒంటరిగా తింటున్నట్టుండేది కాదు.

గొడవంతా ఒక్క మాటతో వచ్చింది. ఆదివారం పొద్దున్న, షాపు నిండా జనం. మాస్టారు కౌంటరు మీద చరిచి ప్రకటించారు.

"ఇంత చేతివాటం ఉన్న పిల్లని నేను చూడలేదు! నేర్పితే వచ్చేది కాదండీ, పుట్టుకతో వచ్చింది!"

ఒకావిడ చేతిసంచీ మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది. ఇంకొకాయన అక్కడే మూట విప్పి చొక్కాలు లెక్కపెట్టుకున్నాడు. పళ్ళ డాక్టరమ్మ అప్పుడే ఇచ్చిన తన దుప్పట్ల వైపు బెంగగా చూసింది. ఈ డాక్టరమ్మంటే మాస్టారికి మహా గౌరవం. ఆమె పన్ను పీకుతుంటే, నోటినిండా దూదితో, "అబ్బ, ఏం మెలిక!" అన్న మనిషి ఆయన.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ వచ్చింది. ఒక దుప్పటి లేదు.

"నా పిల్ల అలాంటిది కాదండీ," అంది పిన్ని. షాపంతా వెతికింది. దొరకలేదు.

"మాస్టారే చెప్పారుగా, పుట్టుకతో వచ్చిందని," అంది డాక్టరమ్మ.

ఈసారి పిన్ని "అలాంటిది కాదు" అనలేదు. అమ్మాయి వైపు తిరిగి, "మీ అన్నయ్యకి కబురు చేస్తానే. వచ్చి తీసుకెళతాడు," అంది. అమ్మాయికి వంటింటి గుమ్మం కళ్ళ ముందు కదిలింది. నేను తీయలేదు అనాలి. కానీ చేతిలోని చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద దడదడ. మాస్టారు భుజాన చుట్టిన గుడ్డతో ఊడిపడ్డారు.

"వేశాను! జన్మలో వేయని బొమ్మ వేశాను!"

"ముందు ఇది చెప్పండి," అంది పిన్ని. "మా పిల్లకి చేతివాటం ఉందన్నారా లేదా?"

"అన్నాను. ఉంది. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది!"

"విన్నారా!" అంది డాక్టరమ్మ.

"చెయ్యి పెట్టిందంటే తిరుగులేదు!"

"ఇంకా ఎందుకండీ దాచడం, దుప్పటి దొంగతనం చేసిందని చెప్పేయండి," అంది డాక్టరమ్మ.

మాస్టారు భుజం మీది గుడ్డ కౌంటరు మీదికి దించారు. "దొంగతనమా? నేనన్నది చేతి ఒరవడమ్మా! మణికట్టు తిరిగే తీరు!"

"మనిషి ముఖమే చూడరు, మీకు ఆ పిల్ల సంగతి ఏం తెలుసు?" అంది డాక్టరమ్మ.

"చూడకేం?" మాస్టారి గొంతు తగ్గింది. "కుడి కనుబొమ పక్కన చిన్న మచ్చ. జుట్టుతో కప్పుకుంటుంది. వచ్చిన కొత్తలో ఎవరైనా ముఖంలోకి చూస్తే ఆ చేతులు పనిలో ఆగిపోయేవి. చేతుల్ని మెచ్చుకుంటే మాత్రం ఆగేవి కావు. అందుకని చేతులతోనే మాట్లాడాను. కళ్ళు వాచి కనపడిన రోజున ఇంకాస్త గట్టిగా అరిచేవాణ్ణి. ఈ పిల్ల దుప్పటి తీయదండీ."

అమ్మాయి తల ఇంకా కిందికి వాలింది. ఆయన ఇంతకాలం గుండె బాదుకున్నది పోస్టుమాస్టరుగారి ప్యాంటు కోసం కాదన్నమాట.

"అసలు ఇది చూస్తే మీకే తెలుస్తుంది," అంటూ మాస్టారు గుడ్డ పరిచారు. ఈ అంచు నుంచి ఆ అంచుకి నీలం జల్లు, పెద్ద చుక్కలు, పోనుపోను తుంపర. అచ్చం ఇస్త్రీ బల్ల మీద పడే చినుకులే, పెట్టె తగలక ముందువి.

డాక్టరమ్మ వంగి చూసింది. మూలన ఎర్రదారంతో కుట్టిన పంటి గుర్తు.

"ఇది నా దుప్పటి!"

మాస్టారు ఆ గుర్తుని చూశారు, తన చేతుల్ని చూసుకున్నారు. "తెల్ల దుప్పటి కదా అని నాదే అనుకున్నాను. అయితే చేతివాటం నాదేనన్నమాట. మీరన్న రకం."

"ఉతికితే పోతుందా?" అంది డాక్టరమ్మ.

"ఆయిల్ పెయింటు. చచ్చినా పోదు," అంది పిన్ని.

"పోదా?" అన్నారు మాస్టారు, ఎవరో నూరేళ్ళు బతకమని దీవించినట్టు.

డాక్టరమ్మ తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. తర్వాత దుప్పటి మడిచి చంకన పెట్టుకుంది. "కుర్చీ ఎదురుగా గోడకి కడతాను. ఇది చూస్తే ఎవరైనా నోరు తెరుస్తారు." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, "పొరపాటు పడ్డానమ్మా," అని అమ్మాయి చేతులకి చెప్పి వెళ్ళింది.

పిన్ని కాసేపు తచ్చాడింది. "ఆకలేస్తోందా? పద, ఇవాళ కలిసి తిందాం," అని, సమాధానం కోసం ఆగకుండా లోపలికెళ్ళి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది.

మాస్టారు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిపోయారు. "మచ్చ సంగతి నలుగురిలో అనకుండా ఉండాల్సింది. ఏమనుకోకు," అన్నారు.

అమ్మాయి తలెత్తి తిన్నగా ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కంగారుగా హ్యాంగర్ల వైపు తిరిగిపోయారు.

"మాస్టారూ, మీ ఎడమ చెవి తమ్మెకి నీలం రంగు అంటుకుందండీ."

"ఎప్పుడు?"

"నేను వచ్చినప్పటినుంచీ ఉందండీ."

ఆయన కుడి చెవి తడుముకున్నారు. "ఎవరూ చెప్పలేదే! ఇన్నాళ్ళూ నువ్వైనా చెప్పొద్దూ?"

"ముఖం చూస్తే మీకూ ఇబ్బందేమోనని..."

చూస్తుండగానే మాస్టారి చెవి మిగతా భాగమంతా ఎర్రగా కందిపోయింది. కింద నీలం, పైన ఎరుపు. అమ్మాయి ఆపుకోవాలనే చూసింది, ఆగలేదు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "ఎవరొచ్చారే?" అని పిన్ని కేకేసింది. "ఎవరిదా నవ్వు?"