క్రిస్మస్ అరిసెలు ఉగాదికి

నాలుగు చినుకులు పడితే చాలు, మా ఇంటి వెనక పలకరాళ్ల దిబ్బ నుంచి ఒక చల్లటి వాసన లేస్తుంది. చిన్నప్పుడు దొండాకు నలిపి పలక తుడిచి, ఆరేదాకా ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చేది ఈ వాసనే. ఈ ఏడు ఎండలు తగ్గి తొలి వాన పడ్డ సాయంత్రం కూడా అదే వాసన వచ్చింది. అప్పుడు నా మనవరాలు కెజియా గడప మీద కూర్చుని ఫోన్లో కాలేజీల పేర్లు పైకీ కిందికీ తిప్పుతూ ఉంది. ఇంటర్లో మంచి మార్కులొచ్చాయి. పక్క ఊళ్లో కొత్తగా కట్టిన కాలేజీ వాళ్లు ఇంటికే వచ్చి, మెరిట్ పిల్ల గనుక సగం ఫీజు తీసేస్తామని చెప్పి, చేతికి ఒక సంచి కూడా ఇచ్చిపోయారు. రెండోది గవర్నమెంటు కాలేజీ. రైలెక్కి చాలా దూరం పోవాలి గానీ, ఫీజంతా స్కాలర్‌షిప్పులో పోతుంది. పిల్ల కళ్లెదుట ఉంటుందని నా కొడుకు దగ్గరిదే కావాలన్నాడు. పిల్లకు దూరపుదే ఇష్టం, పైకి చెప్పలేదంతే. మా ఇంట్లో నా కొంగుముడి దాటి రూపాయి బయటికి పోదు గనుక అందరూ నా ముఖం చూశారు. ఆలోచించి చెబుతానన్నాను. ఉచిత సీటు అంటే ఏమిటో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర పుట్టిన పిల్లలకు ఆటవస్తువులు కొనాల్సిన పనిలేదు. తొక్కుడుబిళ్లకు పలక చెక్క, అచ్చనగాయలకు గుండ్రంగా అరగదీసిన రాళ్లు, బువ్వాటలో పళ్లేలూ గిన్నెలూ అన్నీ ఆ దిబ్బల్లోనే దొరికేవి. ఎండాకాలంలో గనిలోంచి లేచే బూడిదరంగు దుమ్ము మా తలలకూ కనుబొమలకూ పట్టి, సాయంత్రానికి పిల్లలందరం ముసలివాళ్లలా కనబడేవాళ్లం. వానాకాలం గనుల్లో నీళ్లు నిలిస్తే పని ఆగిపోయేది. అప్పుడు అమ్మ చేలల్లో కలుపుకు పోయేది. ఉడకబెట్టిన చెనక్కాయలు, సజ్జరొట్టె, చింతచిగురు పప్పు, వీటితోనే కడుపు నింపుకునేవాళ్లం. క్రిస్మస్ వస్తే మాత్రం మా పేట అంతా బెల్లం పాకం వాసన వేసేది. వెదురుపుల్లలకు రంగుకాగితం అంటించి చేసిన నక్షత్రాన్ని ప్రతి ఇంటి ముందూ కట్టేవాళ్లు. పాకం ముదిరిందో లేదో నీళ్లల్లో వేసి చూసే పని అమ్మ నాకే ఇచ్చేది.

నాయన పలకరాయిని పొరలుగా విడదీసే పనివాడు. ఉలి అంచు ఆనించి చిన్న దెబ్బ వేస్తే, పుస్తకంలో పేజీ తిరిగినట్టు పొర విడివడేది. ఆ పొరను చెవి దగ్గర పెట్టుకుని వేలికణుపుతో కొట్టేవాడు. ఖంగుమంటే మంచి పలక. మొద్దుగా మోగితే లోపల ఎక్కడో పగులుందని పక్కన పడేసేవాడు. మాటలు తక్కువ మనిషి. గనికి రాకముందు, చిన్నతనంలో, ఒక రైతు ఇంట్లో జీతానికుండి గేదెలు కాశాడట. మా వైపు జీతగాళ్లను ఉగాది నుంచి ఉగాదికి కుదుర్చుకునేవాళ్లు. నడుమ ఒక పండగకు ఇల్లు గుర్తొచ్చి నాయన చెప్పకుండా ఇంటికొస్తే, మా తాత గుమ్మంలో కూడా అడుగు పెట్టనివ్వకుండా వెనక్కి తోలుకుపోయి అప్పజెప్పాడట. “కూడు పెట్టే ఇంటికి ఏడాది మాటిచ్చినాం. నిండకుండా వస్తే మాట పోదారా?” అన్నాడట. ఆ మాట నాయన లోపల రాతిలో పొరలా ఉండిపోయిందని అప్పట్లో నాకేం తెలుసు?

నేను ఐదో తరగతిలో ఉండగా, మా చర్చి సంఘంలో బాగా చదివే ఒక ఆడపిల్లకు బోర్డింగు బడిలో ఉచితంగా సీటిస్తామన్నారు. చదువూ కూడూ వాళ్లవే. పరీక్ష పెట్టారు, నాకే వచ్చింది. మా పంతులమ్మ ఇంటికొచ్చి చెబితే నాయన ఒకటే అడిగాడు. “కూడు కూడా వాళ్లేనా అమ్మా?” అవునంది. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. చదువు ఉచితమేగానీ రేకు పెట్టె, పళ్లెం, దుప్పటి, రెండు జతల బట్టలు మేమే తెచ్చుకోవాలన్నారు. వాటికోసం అమ్మ చెవుల దిద్దులు పోయాయి. జూన్‌లో ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని నాయన నన్ను గేటు దగ్గర దించి, “చెప్పిన పని చెయ్‌. మాట రానీయాకు,” అని వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

బోర్డింగులో కష్టపెట్టారని నేనెప్పుడూ చెప్పను. వేళకు గంట కొట్టేవాళ్లు, వేళకు అన్నం పెట్టేవాళ్లు. ఇంటి దగ్గర జొన్న సంగటి తిన్నదానికి అక్కడ తెల్లన్నం దొరికింది. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులొచ్చేవి. కానీ ఆ తెల్లటి గోడల మధ్య రాయి మీద ఉలి పడే చప్పుడు వినబడేది కాదు, అందుకని పొద్దున లేవగానే చెవులు మూసుకుపోయినట్టుండేది. దసరా సెలవులకు అందరి ఇళ్ల నుంచీ వచ్చారు, నాకోసం నాయన రాలేదు. పైర్లు కోతకొచ్చే కాలం, కూలి పోతుందని ఆగి ఉంటాడని సర్దుకున్నాను.

క్రిస్మస్‌కు మాత్రం రాకుండా ఉంటాడని అనుకోలేదు. పెట్టె సర్దుకుని గేటు పక్కన రాతిబండ మీద కూర్చున్నాను. నాలాగే ఉచిత సీట్ల మీద వచ్చిన పిల్లలు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వెలిగండ్ల ఊరి పిల్లను వాళ్ల మామ సైకిలు మీద తీసుకుపోతుంటే, “మీ నాయన నిన్ను ఈ బడికే ఇచ్చేసినాడేమో మే,” అని వెక్కిరించింది. మర్నాడూ కూర్చున్నాను. వంట చేసే సుందరమ్మ వచ్చి పెట్టె లోపలికి తీసుకుపోయింది. “రా పాపా, మనిద్దరికీ ఏం వండమంటావు?” అంది. అంత పెద్ద వంటశాలలో ఇద్దరికి సరిపోయే గిన్నె లేదు. పండగ రోజు ఆమె అడుగంటిన అన్నంలో చారు పోసి పెడితే తిన్నాను. చర్చిలో ముందు వరసలో నిలబడి పాట పాడాను. ఏడవలేదు. నాయనకు నేను బరువు తీరిన పిల్లనని ఆ బండ మీదే తేల్చుకున్నాను.

ఉగాది దాటి బడి మూసేనాటికి నాయన వచ్చాడు. చేతిలో గుడ్డమూట. రైలుస్టేషన్లో బల్ల మీద కూర్చుని విప్పితే అరిసెలు, క్రిస్మస్‌కు వండినవి. నాకని అమ్మ అన్ని నెలలూ కుండలో దాచిపెట్టింది. నూనె ముక్కిపోయిన వాసన, పలకరాయిలాంటి గట్టిదనం. నేను ముట్టలేదు. ఆయనే ఒక్కొక్కటి నీళ్లల్లో ముంచుకుని, పారెయ్యకుండా అన్నీ తిన్నాడు.

“ఏడాది నిండింది. మళ్లా ఏడు కూడా ఉంటావా?” అని అడిగాడు.

“ఉండను,” అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. నా చదువు అక్కడితో సరి.

చాలా ఏళ్లకు, నా పెద్దకొడుకు చంకలో ఉండగా, గని దగ్గరికి నాయనకు సద్ది పట్టుకుపోయాను. మనవణ్ణి చూసి ఏం గుర్తొచ్చిందో, “ఆ బడోళ్లు నిన్ను సరిగా సూసుకోలేదా అమ్మా?” అన్నాడు. “వాళ్లు బాగానే సూసుకున్నారు. క్రిస్మస్‌కు నువ్వే రాకపోతివి,” అన్నాను. ఆయన వింతగా చూశాడు. “ఏడాది నిండకుండా ఎట్ల తోలుకొస్తారు? వాళ్ల కూడు తింటివి గదా!” అన్నాడు. ఫీజు కట్టని పిల్లలు కూడా సెలవులకు ఇళ్లకు పోయారని చెబితే ఉలి కింద పెట్టేశాడు. చేతిలో ఉన్న పొరను అలవాటుగా చెవి దగ్గరికి తీసుకున్నాడు గానీ కొట్టలేదు. ఆ రోజు సద్ది మూట విప్పలేదు.

కెజియా కాలేజీ సంగతి వచ్చినప్పుడు నేను ఫోన్ చెయ్యమని కూర్చున్నది అందుకే. ముందు దగ్గరి కాలేజీకి.

“ఆ సగం తీసేసేది తొలి ఏడేనా, నాలుగేండ్లూనా నాయనా?”

“మార్కులు తగ్గకపోతే ప్రతి ఏడూ ఇస్తామమ్మా.”

“తగ్గితే?”

“మంచి పిల్ల, తగ్గవులేమ్మా.”

“దీవించమనలే. తగ్గితే ఏందని అడిగినా.”

అతను నవ్వి, తగ్గితే మొత్తం ఫీజు కట్టాలన్నాడు. బస్సు వేరే, పుస్తకాలు వేరే, పరీక్ష ఫీజు వేరే. “అన్నీ వేరేనా, ఇంక నువ్వు తీసేసింది ఏంది?” అన్నాను. కెజియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దూరపు కాలేజీలో ఒక ఆడమనిషి ఉన్నదున్నట్టు చెప్పింది. ఫీజు గవర్నమెంటుదే, హాస్టల్ తిండికి సాయం వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది, ముందు మనం కట్టుకోవాలి. ఆ మాట ఖంగుమని మోగింది. ఆఖరున నేను అడగాల్సింది అడిగాను.

“సెలవులకు పిల్లను తోలుకుపోను ఎవురూ రాకపోతే ఏం జేస్తారు?”

“పెద్దపిల్లలు గదమ్మా, వాళ్లే వెళ్తారు.”

కెజియా ఫోన్ లాక్కుంది. “అవ్వా! నేనేమన్నా మూడో తరగతా?” అంది. నేను కొంగుముడి విప్పి, ముందు కట్టాల్సిన తిండి డబ్బులు నా కొడుకు చేతిలో పెట్టాను. దూరానికే పంపుతున్నామని అట్లా అందరికీ తెలిసింది.

పిల్ల పోయింది. గనులు చాలా వరకు మూతబడ్డాయి, ఉలి చప్పుడు ఇప్పుడు మా ఊళ్లో కూడా వినబడదు. ఆ బోర్డింగు లేదు, సుందరమ్మ లేదు, నాయన పోయి ఎన్నాళ్లో అయింది. దొండాకుతో పలక తుడిచే పిల్లలూ లేరు. గడప పక్కన ఒక పలక తగిలించి, దాని మీద బలపంతో కెజియా క్రిస్మస్ సెలవుల తారీకు రాసుకున్నాను. నా రాత ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది గనుక అంకెలు పెద్దవిగా వచ్చాయి.

నిన్న పిల్ల ఫోన్ చేసింది. స్నేహితురాళ్లతో కలిసి తనే వచ్చేస్తుందట. “నువ్వు రావాకు అవ్వా, రానూ పోనూ చార్జీలు దండగ,” అని నేనెప్పుడూ అనే మాటే నాకు అప్పజెప్పింది.

దండగైతే కానీ. బియ్యం నానబోశాను, బెల్లం కొట్టి పెట్టుకున్నాను. హాస్టల్ వాళ్లు గేటు తీసే పొద్దుకు బయట నేను కూర్చుని ఉంటాను, అరిసెలు మెత్తగా ఉండగానే.